డాలీ మిక్స్చర్ టేపు ముట్టుకునే ముందు: పాత బ్యాండ్ల పాటలు మళ్ళీ తెచ్చే రికార్డు కంపెనీలకు బహిరంగ లేఖ

పాత ఇండీ (పెద్ద కంపెనీల అండ లేని) బ్యాండ్ల పాటలను తిరిగి విడుదల చేసే చిన్న రికార్డు కంపెనీల వారికి,

నమస్కారం.

డాలీ మిక్స్చర్ అనే బ్యాండును ముందు పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాం. ఒకటి రెండు సింగిల్స్ (విడిపాటల రికార్డులు), ఒక పెట్టెడు డెమో (నమూనాగా చేసుకున్న) టేపులు మిగిల్చి విడిపోయిన అమ్మాయిల పాప్-పంక్ బ్యాండు ఏదైనా సరే, ఇందులో చెప్పేది దానికీ వర్తిస్తుంది. అలాంటి టేపు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు మేం కోరేది ఒక్కటే: టేపు చేసిన తప్పు దిద్దండి, వాళ్ళు చేసినది దిద్దకండి. ఏది టేపు పనో, ఏది చేతి పనో తేల్చుకోవడం చెప్పినంత తేలిక కాదు. ఉత్తరం పొడుగైంది అందుకే.

ముందు బ్యాండు సంగతి. 1978లో కేంబ్రిడ్జ్‌లో ముగ్గురు బడి స్నేహితురాళ్ళు మొదలుపెట్టారు. బేస్ గిటార్, గానం డెబ్సీ వైక్స్. గిటార్, గానం రేచల్ బోర్, ఆవిడకు చెల్లో కూడా వచ్చు. డ్రమ్స్ హెస్టర్ స్మిత్. 1979లో బీబీసీ రేడియోలో జాన్ పీల్ నడిపే పాటల కార్యక్రమానికి పాటలు రికార్డు చేశారు. ఆ ఏడాది చివర్లో లండన్ మూన్‌లైట్ క్లబ్‌లో వీళ్ళ ప్రదర్శనకు ముందు వాయించి దిగిపోయిన ఐరిష్ కుర్రాళ్ళ బ్యాండు పేరు యూ2. తర్వాత ఎవరు ఎటు వెళ్ళారో మీకు తెలుసు. 1984కల్లా వీళ్ళు విడిపోయారు. బ్రిటన్‌లో ఎక్కువమంది చెవిన పడిన వీళ్ళ గొంతులు వీళ్ళ సొంత పాటలోవి కూడా కావు. 1982 జులైలో కెప్టెన్ సెన్సిబుల్ అనే పంక్ గాయకుడు పాడిన 'హ్యాపీ టాక్' అక్కడి అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. అందులో వెనక వినిపించే కోరస్ ఈ ముగ్గురిదే.

సొంతంగా మిగిలింది కొంచెమే. 1980లో క్రిసాలిస్ కంపెనీ వేసిన మొదటి సింగిల్, అరవైల అమెరికన్ అమ్మాయిల బృందం షిరెల్స్ పాటకు కొత్త రూపం. గాయకుడు పాల్ వెల్లర్ పెట్టిన రెస్పాండ్ లేబుల్ (రికార్డు కంపెనీ) మీద 1981లో 'బీన్ టీన్', 1982లో 'ఎవ్రీథింగ్ అండ్ మోర్'. సొంత లేబుల్ డెడ్ గుడ్ డాలీ ప్లాటర్స్ మీద 'రిమెంబర్ దిస్'. చివరికి అదే లేబుల్ మీద 'డెమాన్‌స్ట్రేషన్ టేప్స్' అనే రెండు రికార్డుల ఆల్బమ్. 27 పాటలు, 1000 ప్రతులు, తెల్ల అట్ట, దాని మీద ముద్ర, సంఖ్య, సంతకాలు. విడిపోయాక 1986లో 'ఫైర్‌సైడ్' అనే చిన్న రికార్డు వచ్చింది. అందులో ఎక్కువ భాగం మాటల్లేని పియానో, చెల్లో సంగీతం. పంక్ బ్యాండు చేసిన పని అంటే నమ్మబుద్ధి కాదు.

ఈ జాబితాలో ఒక విషయం గమనించండి. వీళ్ళకు స్టూడియోలో తీరిగ్గా కూర్చుని చేసిన ఆల్బమ్ లేదు. ఉన్న ఒక్క ఆల్బమ్‌కు వాళ్ళే పెట్టుకున్న పేరు డెమో టేపులని. డెమో అనగానే మీ వృత్తిలో ఉన్నవారికి చెయ్యి దురద పెడుతుంది. ఇది చిత్తు ప్రతి కదా, సాపు చేద్దాం అనిపిస్తుంది. సాపు ప్రతి లేనే లేదు. మీరు చిత్తు అనుకుంటున్నదే కడపటి ప్రతి.

పాటల్లో ఏముందో చెప్పకుండా వాటిని ఎలా కాపాడాలో చెప్పలేం. మూడు వాయిద్యాల బ్యాండులో ఖాళీ చోటు ఎక్కువ. మామూలు పంక్‌లో గిటార్ మీద మందంగా డిస్టార్షన్ (గరగరలాడే మోత) పెట్టి ఆ ఖాళీని పూడ్చేస్తారు. వీళ్ళ గిటార్ చాలా చోట్ల తేటగా, తీగలు విడివిడిగా వినిపించేలా మోగుతుంది. దాంతో కింద బేస్‌కు చోటు దొరికి, అది తాళం పట్టుకుని కూర్చోకుండా తన రాగం తను పాడుతుంది. పైన రెండు గొంతులు. ఒకటి వరస పట్టుకుంటే రెండోది మూడో స్వరం ఎత్తులో తోడు నడుస్తుంది, ఉన్నట్టుండి ఒకదాన్ని ఒకటి దాటేస్తుంది. అరవైల అమెరికన్ అమ్మాయిల బృందాల గానమూ, 1977 తర్వాతి పంక్ వేగమూ ఒకే గదిలో ఉన్నాయి. మాటల్లో గడుసుతనం. 'హౌ కమ్ యూ ఆర్ సచ్ ఎ హిట్ విత్ ద బాయ్స్, జేన్?' (కుర్రాళ్ళంతా నీ వెంట పడతారేంటే, జేన్?) అన్న పేరు చూస్తేనే తెలుస్తుంది, పొగడ్తో ఎత్తిపొడుపో తేల్చుకోనివ్వరు. గిటార్ తీగలు తయారుచేసే కంపెనీ పేరునే పాటకు పెట్టేసిన బ్యాండు ఇది, 'ఎర్నీ బాల్' అని. ఇంత ముద్దుగా ఉంటూనే ఎవరికీ లొంగని పాటలు ఆ కాలంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయని మా నమ్మకం.

ఈ అందమంతా ఆ ఖాళీ చోటు మీద, రెండు గొంతుల మధ్య ఉన్న సన్నని తేడా మీద నిలబడి ఉంది. తిరిగి విడుదల చేసేటప్పుడు ముందు చెడేవి సరిగ్గా ఆ రెండే.

ఇక పనిలోకి. పెట్టెలో పావు అంగుళం రీలు టేపు వచ్చిందనుకోండి. యంత్రం మీద వెయ్యకండి. వెనక పక్క చూడండి. నల్లగా, మెరుపు లేకుండా పూత ఉంటే అది 1970ల మధ్య నుంచి 80ల చివరి దాకా స్టూడియోలు ఎక్కువగా వాడిన రకం. ఆంపెక్స్ 456 అందులో పేరుమోసినది. ఈ టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే పాలీయురథేన్ బంక గాలిలో తేమను పీల్చుకుని విరిగిపోతుంది. అప్పుడు టేపు జిగురుగా మారి, యంత్రంలో ధ్వనిని చదివే హెడ్‌కు అంటుకుంటుంది, కీచుమంటుంది, గోధుమరంగు మడ్డి వదులుతుంది. ఆ మడ్డి మురికి కాదు, పాట. ఒకసారి రాలిందంటే మళ్ళీ రాదు. జిగురు టేపును వేగంగా ముందుకూ వెనక్కూ తిప్పడం ఇంకా ప్రమాదం. పొర పొరకూ అతుక్కుని ఊడివస్తుంది.

దీనికి మందు వేడి. 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పావు అంగుళం టేపుకు కనీసం 8 గంటలు. సగంలో రీలును తిరగెయ్యాలి. తర్వాత ఎంతసేపు వేడిచేశారో కనీసం అంతసేపు చల్లారనివ్వాలి. వంటింటి ఓవెన్ పనికిరాదు. దాని డిగ్రీలు ఒకచోట నిలవవు, ఎక్కేటప్పుడు 70 దాటినా చెప్పదు. ప్రయోగశాలల్లో వాడే ఇంక్యుబేటర్ గానీ, ఉష్ణోగ్రత నమ్మకంగా నిలిపే ఆహారం ఎండబెట్టే యంత్రం గానీ వాడండి, లోపల వేరే థర్మామీటర్ పెట్టి. ప్లాస్టిక్ రీలు అయితే వంగకుండా లోహపు రీలుకు మార్చడం మంచిది, మార్చేటప్పుడు మెల్లగా. వేడి చేసిన టేపు కొన్ని వారాలు బాగుంటుంది, మళ్ళీ తేమ పీలుస్తుంది. కాబట్టి యంత్రాలు, తీగలు, కంప్యూటరు అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాకే వేడి చెయ్యండి. వెనక పూత లేని టేపులకు సాధారణంగా ఈ జబ్బు రాదు, ఊరికే కాల్చకండి. రీలును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అంచులోంచి కాంతి కనిపించే పాత ఎసిటేట్ టేపునైతే అసలు వేడి చెయ్యకూడదు. ముడతలు పడి పనికిరాకుండా పోతుంది.

అతుకులు చూడండి. డెమో రీలులో పాటకూ పాటకూ మధ్య పాట లేని తెల్ల లీడర్ టేపు అతికించి ఉంటుంది. నలభై ఏళ్ళ జిగురు ఎండి ఊడిపోతుంది. లేదా పక్కకు కారి పై పొరను పట్టుకుంటుంది. ఊడిన ప్రతి అతుకునూ మళ్ళీ వెయ్యాలి. ఏ ముక్క తర్వాత ఏ ముక్క ఉందో ముందు ఫోటో తీసుకోవాలి.

తర్వాత హెడ్ వాలు. టేపును రికార్డు చేసిన యంత్రం హెడ్ ఎంత వాలుగా ఉండిందో, మీ యంత్రం హెడ్ అంతే వాలుగా ఉండాలి. రెండు ఛానళ్ళనూ మోనోలో కలిపి వింటూ స్క్రూ తిప్పండి. పై స్వరాలు ఎక్కడ బాగా తెరుచుకుంటాయో అక్కడ ఆగండి. ఒకే రీలులో వేర్వేరు స్టూడియోల పాటలు అతికించి ఉంటే ప్రతి అతుకు తర్వాతా ఈ పని మళ్ళీ చెయ్యాలి. ఇది బద్ధకించి వదిలేసి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ట్రెబుల్ పెంచుకునే వాళ్ళున్నారు. పోయిన పై స్వరాలు తిరిగి రావు, వచ్చేది హిస్ (టేపు సుయ్‌మనే చప్పుడు) మాత్రమే. ఆ హిస్ మీద కోపంతో నాయిస్ రిడక్షన్ (చప్పుడు తగ్గించే పద్ధతి) వాడతారు, దాంతో డ్రమ్స్‌లోని సింబల్ పళ్ళెం మోత చచ్చిపోతుంది. స్క్రూ దగ్గర పది నిమిషాలు ఓపిక పడితే ఇదంతా ఉండదు.

ఈక్వలైజేషన్ (టేపు మీద పై, కింది స్వరాల మోతను సరిచూసే లెక్క) విషయం క్లుప్తంగా. బ్రిటిష్ స్టూడియోలు ఎక్కువగా ఐఈసీ పద్ధతి వాడాయి, అమెరికన్ స్టూడియోలు నాబ్ పద్ధతి. సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంలో ఐఈసీకి 35 మైక్రోసెకన్లు, నాబ్‌కు 50 మైక్రోసెకన్లతో పాటు కింది స్వరాలకు 3180. ఒకదాన్ని ఇంకోదాని మీద వింటే పైనా కిందా రెండూ మారతాయి, బేస్ పాడే రాగం బరువు తప్పుతుంది. డబ్బా మీద రాసి ఉంటే దాన్ని నమ్మండి. టేపు మొదట్లో పరీక్ష టోన్లు ఉంటే డబ్బా కంటే వాటిని ఎక్కువ నమ్మండి.

ఇప్పుడు మాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, వేగం. చౌక యంత్రం మీద చేసిన టేపు రెండు మూడు శాతం అటూ ఇటూ నడిచి ఉండొచ్చు. 3 శాతం అంటే శ్రుతి దాదాపు పావు స్వరం మారడం, అంటే పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో సగం. రెండున్నర నిమిషాల పాట 4 సెకన్లకు పైగా కుదించుకుపోతుంది. ఆడవాళ్ళ గొంతులు మూడు శాతం వేగంగా నడిస్తే చిన్నపిల్లల గొంతుల్లా వినిపిస్తాయి. డాలీ మిక్స్చర్ లాంటి బ్యాండును విమర్శకులు పిల్లచేష్టలని తీసిపారెయ్యడానికి ఇంత సాయం మీరు చెయ్యనవసరం లేదు.

వేగం సరిచెయ్యడానికి చాలామంది చేసే పని గిటార్ శ్రుతిని కొలిచి, 'ఏ' (A) అనే స్వరాన్ని ప్రమాణమైన 440 హెర్ట్జ్‌కు లాగడం. ఈ బ్యాండ్ల విషయంలో అది నమ్మదగ్గ కొలత కాదు. ట్యూనర్ లేని గదిలో గిటార్‌ను బేస్‌కూ, బేస్‌ను గిటార్‌కూ కలుపుకుంటారు. ఆ 'ఏ' స్వరం 446 దగ్గర తేలవచ్చు, 433 దగ్గరా తేలవచ్చు. అది చేతి పని, దాన్ని ముట్టుకోకూడదు. టేపు వేగం చెప్పే సాక్షి వేరే ఉంది, కరెంటు గురగుర. బ్రిటన్ కరెంటు 50 హెర్ట్జ్. అక్కడి గిటార్ యాంప్లిఫయర్ నుంచి వచ్చే గురగుర టేపు మీద పాటతో పాటు రికార్డయి ఉంటుంది. పాట మొదలయ్యే ముందు, ఆగిన తర్వాత ఉన్న ఒకటి రెండు సెకన్లు తీసుకుని స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత ధ్వని ఉందో చూపే పటం) చూడండి. 50 దగ్గర కంటే దాని మూడింతలు, 150 దగ్గర చూడటం తేలిక. 154.5 దగ్గర గీత కనిపిస్తే మీ టేపు 3 శాతం వేగంగా నడుస్తోంది. యంత్రాన్ని అంత తగ్గించి మళ్ళీ ఎక్కించండి, కంప్యూటరులో తర్వాత సాగదీయడం కంటే అదే మేలు.

ఇందులో మూడు గుంటలున్నాయి. మీ యంత్రానికీ సొంత గురగుర ఉంటుంది, కాబట్టి టేపు లేకుండా ఒక నిమిషం రికార్డు చేసి ఏ గీత మీదో ముందు గుర్తుపట్టాలి. బ్రిటిష్ కరెంటు కూడా కచ్చితంగా 50 దగ్గర నిలవదు. నిబంధన ప్రకారం 1 శాతం అటూ ఇటూ పోవచ్చు, అందుకే అంతకంటే చిన్న తేడాను దిద్దకండి. మూడోది, రెండు గీతలు వేర్వేరు చోట్ల కనిపించవచ్చు. ఒక టేపు మీద సంగీతం, తర్వాత వేగం మార్చి గొంతులు ఎక్కించారన్న మాట. అలాంటప్పుడు చివరగా ఎక్కినదాన్ని పట్టుకోవాలి, లోపలి తేడా వాళ్ళు కావాలని చేసుకున్నది. ఈ సూత్రం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. పాట ముందూ వెనకా ఉన్న ఆ రెండు సెకన్ల 'ఖాళీ'ని కత్తిరించి పారెయ్యకూడదని మీకు ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

క్యాసెట్ మాత్రమే దొరికితే ముందు డబ్బా తెరవండి. టేపును హెడ్ మీద అదిమే చిన్న దూది దిండు ఊడిపోయి ఉండొచ్చు. అది లేకపోతే ధ్వని మసకబారి ఒక ఛానల్ వస్తూ పోతూ ఉంటుంది. మరలు ఉన్న కొత్త డబ్బాలోకి టేపును మార్చండి. హిస్ తగ్గించే డోల్బీ బీ పద్ధతి వాడి ఉంటే దాన్ని విప్పడానికి ముందు హెడ్ వాలు సరిచెయ్యాలి. వాలు తప్పి పై స్వరాలు తగ్గితే డోల్బీ వాటిని ఇంకా నొక్కేస్తుంది, పాట ఊపిరి ఆడనట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. డోల్బీ గుర్తు ఉన్నంత మాత్రాన వాడినట్టు కాదు, రెండు విధాలా విని చూడండి.

టేపే లేదు, 45 రికార్డు (నిమిషానికి 45 సార్లు తిరిగేది) మాత్రమే ఉందంటే, ఒక్క ప్రతితో సరిపెట్టుకోకండి. పార్టీల్లో అరిగిపోయిన ప్రతి ఒకచోట పాడై ఉంటే ఇంకోటి ఇంకోచోట పాడై ఉంటుంది. తడిపి కడిగి, ఎండబెట్టి, కొత్త ముల్లుతో వెయ్యండి. నడిమి రంధ్రం కాస్త పక్కకు పోయిన రికార్డు సెకనుకు ముప్పావు సారి, అంటే ప్రతి 1.33 సెకన్లకు ఒకసారి శ్రుతిని ఊపుతుంది. డ్రమ్స్‌లో ఇది తెలియదు, నిడివిగా లాగిన గొంతులో తెలుస్తుంది. ఆ ఊపు టేపు పని కూడా కాదు, ఫ్యాక్టరీ పని. నిస్సంకోచంగా దిద్దండి, రికార్డును పళ్ళెం మీద కాస్త జరిపి. చిటపటలను మాత్రం సాఫ్ట్‌వేర్‌కు మొత్తంగా అప్పగించకండి. అది చప్పట్లనూ, స్నేర్ డ్రమ్ అంచు మీద పడ్డ కర్ర దెబ్బనూ, పాట మొదట్లో డ్రమ్మరు కర్రలు కొట్టి పెట్టే లెక్కనూ గీతలే అనుకుని తుడిచేస్తుంది. రెండు నిమిషాల పాటలో గీతలను చెవితో పట్టి, ఒక్కోదాన్నీ చేత్తో తియ్యడానికి ఒక మధ్యాహ్నం చాలు.

ఇంతవరకూ దిద్దవలసినవి. ఇక దిద్దకూడనివి.

గొంతుల శ్రుతి. ఒక గొంతు 440 దగ్గర, రెండోది 443 దగ్గర ఒకే స్వరం పాడితే రెండూ కలిసి సెకనుకు మూడుసార్లు అలలా ఊగుతాయి. ఆ అల వల్లే ఇద్దరు పాడితే నలుగురు పాడినట్టుంటుంది. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ ఆటో-ట్యూన్ రెండింటినీ ఒకే గీత మీద నిలబెడితే అల ఆగిపోతుంది, నలుగురు ఒక్కరైపోతారు. శ్రుతి బాగుపడి పాట చిక్కిపోతుంది. అక్కడక్కడ గొంతు స్వరం కిందికి జారితే జారనివ్వండి.

లయ కూడా అంతే. చరణంలో నిమిషానికి 156 దెబ్బలున్న పాట పల్లవికి వచ్చేసరికి 161కి ఎక్కడం పంక్‌లో మామూలు. డ్రమ్మరు పొరపాటు పడలేదు, ముగ్గురూ కలిసి ముందుకు వాలారు. దాన్ని కంప్యూటరు గడిలో కుదించాలని చూస్తే ఇంకో చిక్కు. ఒకే గదిలో వాయించారు కాబట్టి గొంతు మైకులో డ్రమ్స్, డ్రమ్ మైకులో గిటార్ కలిసే ఉన్నాయి. స్నేర్‌ను పది మిల్లీసెకన్లు జరిపితే గొంతులో దాని దయ్యం పాత చోటే ఉండిపోతుంది. కలిసిపోయిన పాటను గొంతు వేరు, డ్రమ్స్ వేరు చేసి ఇచ్చే కొత్త సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా అంటారు. బేస్ ఏ స్వరం వాయిస్తోందో వినడానికి వాటిని వాడుకోండి. వాటి నుంచి వచ్చిన ముక్కలతో మళ్ళీ మిక్స్ చేసి అమ్మకండి. సింబల్ తోకలూ, మాటల చివరి 'స' ధ్వనులూ నీళ్ళలో నానినట్టు వస్తాయి, గొంతు వెనక ఇంకో గొంతు గిలగిలలాడుతుంది.

హిస్‌ను ఉండనివ్వండి. పాటకూ పాటకూ మధ్య ఒక్కసారిగా నిశ్శబ్దం పెడితే చెవికి గోతిలో పడ్డట్టే ఉంటుంది.

మాస్టరింగ్‌లో (విడుదలకు ముందు చివరి సర్దుబాటులో) మోత పెంచే పోటీకి ఈ పాటలు నిలవవు. శిఖరాలను అణిచే లిమిటర్ నొక్కే కొద్దీ స్నేర్ దెబ్బ గిటార్ మోతలో కలిసిపోతుంది, మొదట చెప్పిన ఆ ఖాళీ చోటు మూసుకుపోతుంది. శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దాటకుండా, మొత్తం మోత మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి తెలిసే మోతను కొలిచే ప్రమాణం) దరిదాపుల్లో ఉంటే చాలు. పెద్ద స్ట్రీమింగ్ సంస్థ స్పాటిఫై మామూలుగా దించుకునే మట్టం కూడా అదే. మీరు మైనస్ 8 దగ్గర పంపితే వాళ్ళు తగ్గించి వినిపిస్తారు, మీకు మిగిలేది నలిగిన పాట.

రికార్డు మీద వేసేవారికి ఒక మాట. 12 అంగుళాల 33 రికార్డులో (నిమిషానికి 33 సార్లు తిరిగేది) వైపుకు 20 నిమిషాలు దాటితే గాడులు సన్నబడతాయి, మోత తగ్గించక తప్పదు. 27 పాటలను నాలుగు వైపులకు పంచితే ఒక్కోదానికి ఏడు దాకా వస్తాయి. అది ఊపిరాడే లెక్క. డబ్బు కలిసొస్తుందని అన్నీ ఒక్క రికార్డులోకి తోస్తే, లేదా 'ఉత్తమమైన పద్నాలుగు' అని ఏరితే, మొదటికే మోసం. ఏరడం వాళ్ళు చేసేశారు. కేంద్రానికి దగ్గరగా ఉన్న గాడిలో 'స', 'ష' ధ్వనులు చీలిపోతాయి కాబట్టి నెమ్మది పాటను చివర వెయ్యమని కట్టింగ్ ఇంజనీరు సలహా ఇస్తారు. మంచి సలహానే, కొత్త ఆల్బమ్‌కు. ఇక్కడ వరస మార్చకుండా ఆ వైపు మొత్తాన్నీ రెండు డెసిబెల్స్ తక్కువకు కొయ్యమనండి.

అట్ట గురించి కోపం దాచుకోలేకపోతున్నాం. 1980 నాటి మొదటి సింగిల్‌కు కంపెనీ వాళ్ళను ముద్దొచ్చే టీనేజీ అమ్మాయిల బృందంగా అమ్మాలని చూసింది. వాళ్ళు ఎదురుతిరిగారు, ఆ రికార్డును తర్వాత తమదని ఒప్పుకోలేదు. సొంత డబ్బుతో సొంత లేబుల్ మీద వేసుకున్నప్పుడు ఎంచుకున్నది ఖాళీ తెల్ల అట్ట. ఇది తెలిసి కూడా గులాబీ రంగు అట్ట, గౌన్లలో ముగ్గురు, మీద చేతిరాత అక్షరాలు తయారుచేస్తే ఏమనాలి? బ్యాండు పేరు బ్రిటన్‌లో అమ్మే చిన్న మిఠాయిలదని అట్ట నిండా మిఠాయిలు కుమ్మరించే ఆలోచన కూడా ఎవరికో ఒకరికి రాకపోదు. దయచేసి వద్దు. 'నంబర్ 1 పాటలో కోరస్ పాడినవారు' అన్న స్టిక్కర్ అంటించుకోండి, అమ్ముకోవాలి కదా. ప్లాస్టిక్ తొడుగు మీద అంటించండి, అట్ట మీద కాదు. లోపలి పుస్తకంలో మొదటి మాట వాళ్ళదై ఉండాలి. వాళ్ళ పాటలు నిర్మించిన, వాళ్ళతో తిరిగిన ప్రసిద్ధ మగవాళ్ళ జ్ఞాపకాలు తర్వాతి పేజీల్లో వేసినా కొంపలేమీ మునగవు.

పేర్లు. ప్రతి పాటకూ ఎవరు రాశారు, ఎవరు ఏం వాయించారు, ఏ ఏడాది రికార్డయింది, ఏ ఏడాది మొదట విడుదలైంది వేర్వేరుగా రాయండి. 1979 డెమోకూ 1983 డెమోకూ ఒకే ఏడాది వేస్తే, బ్యాండు ఎలా ఎదిగిందో ఇక ఎవరికీ తెలియదు. ప్రతి రికార్డింగ్‌కూ 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ (రికార్డింగులను గుర్తించే అంతర్జాతీయ సంకేతం) గుర్తు తీసుకోండి. ఒకే పాట డెమో, సింగిల్ రెండూ ఉంటే రెండు గుర్తులు. రెండింటికీ ఒకటే పెడితే ఒకదాని డబ్బు ఇంకోదాని ఖాతాలో పడుతుంది. సింగిల్ మాస్టర్ (అసలు రికార్డింగ్) కంపెనీది, డెమో మాస్టర్ బ్యాండుది అయినప్పుడు అది చిన్న విషయం కాదు.

హక్కుల దగ్గర, మాస్టర్లను కొనెయ్యకండి. కొన్నేళ్ళకు లైసెన్సు తీసుకుని, గడువు తీరగానే తిరిగివ్వండి. పాత ఒప్పందం చేతిలో పెట్టుకుని పాటలను బీరువాలో మూసిపెట్టిన కంపెనీలు కూడా ఈ ఉత్తరం చదువుతాయని ఆశ. బ్రిటన్‌లో 2013 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం సౌండ్ రికార్డింగ్ కాపీరైటు విడుదలైన ఏడాది చివరి నుంచి 70 ఏళ్ళు. అందులో 50 నిండాక ఒక మెలిక ఉంది. కంపెనీ ఆ పాటను సరిపడా ప్రతులు వేసి అమ్మకపోయినా, ఆన్‌లైన్‌లో అందుబాటులో ఉంచకపోయినా, హక్కులు రాసిచ్చిన కళాకారులు నోటీసు ఇవ్వవచ్చు. 12 నెలల్లో ఆ రెండూ చెయ్యకపోతే ఒప్పందం రద్దవుతుంది, ఆ రికార్డింగ్ మీద కాపీరైటు కూడా అక్కడితో పోతుంది. 1980లో వచ్చిన సింగిల్‌కు ఆ 50 ఏళ్ళు 2030 డిసెంబరు 31తో నిండుతాయి. 1981, 82 సింగిల్స్‌కు తర్వాతి రెండేళ్ళలో. ఆ లెక్క కళాకారుల లాయర్లు వేసే లోపు మీరే వేసుకోవడం మంచిది.

చివరగా, టేపు నుంచి ఎక్కించిన మొదటి ఫైలు. ఏ దిద్దుబాటూ చెయ్యనిది, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, వేవ్ రూపంలో. గంట స్టీరియోకు దాదాపు రెండు గిగాబైట్లు, ఇప్పుడది ఒక లెక్క కాదు. హెడ్ ఎంత తిప్పారు, వేగం ఎంత మార్చారు, ఎన్ని డిగ్రీల్లో ఎన్ని గంటలు కాల్చారు అన్నది పక్కనే చిన్న కాగితంగా రాసిపెట్టండి. మూడు ప్రతులు, మూడు వేర్వేరు చోట్ల. వాటికి తోడు బ్యాండులో ఒక్కొక్కరికీ ఒక ప్రతి, విడుదలకు ముందే, అడగకుండానే. రీలును పాట చివర బయటికి వచ్చేలా మెల్లగా చుట్టి, పాత డబ్బాతో సహా వాళ్ళకు తిరిగివ్వండి. డబ్బా మీది పెన్సిల్ రాతలను చెరపకండి, వాటి మీద మీ స్టిక్కర్ అంటించకండి.

ఇట్లు,
ఈ పాటలు వినేవాళ్ళం, వాయించేవాళ్ళం, టేపులు ఎక్కించేవాళ్ళం